కొండ మీది కొలత

వేదవల్లి కొండెక్కి కాపురం పెడుతుందని మొరప్పూరులో ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే, ఆ చెప్పినవాణ్ణి పిచ్చివాళ్లలో జమకట్టేవాళ్లు. పెళ్లికాని పిల్ల. ఇరవైమూడేళ్లు వచ్చినా నలుగురిలో గొంతెత్తి మాట్లాడింది లేదు. రైల్వే స్టేషను వీధిలో వాళ్లన్న వెంకటరామన్‌ది దర్జీ అంగడి, అంగడి వెనకాలే ఇల్లు, రెండింటికీ మధ్య ఒక తెర. తెరకు అవతల అన్న గుడ్డలు కత్తిరించేవాడు. ఇవతల చెల్లెలు కాజాలు కుట్టేది, హుక్కులు వేసేది, అంచులు మడిచేది.

దర్జీ పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ పనిలో కత్తెర పట్టినవాడిదే పెత్తనం. మిషను తొక్కేవాళ్లు ఆ తర్వాత. కాజాలు కుట్టేవాళ్లను అడిగే దిక్కుండదు. వేదవల్లికి కత్తిరించడం రాకకాదు. తండ్రి బతికున్న రోజుల్లో దగ్గర కూర్చోబెట్టుకుని అన్నతో సమానంగా నేర్పాడు. "కొలత లేందే కత్తెర ముట్టుకోవద్దు పాపా" అని ఆయన చెప్పిన మాట ఆమెకు వేదం. ఆయన పోయాక కత్తెర అన్న చేతికి వెళ్లింది, ఆమె చేతికి సూది వచ్చింది. ఇంట్లో ఆమెను ఎవరూ ఒక మాట అన్నది లేదు, తిండికీ బట్టకూ లోటు లేదు. కానీ తెర సందులోంచి అన్న కొత్త గుడ్డ పరవడం చూసినప్పుడల్లా ఆమె చేతులు ఊరుకునేవి కావు. ఒళ్లో ఉన్న సూదిని చూస్తే ఏడుపొచ్చేది.

ఎనభైనాలుగులో, జూన్ ఆఖర్న, అరవవాళ్ల ఆని నెలలో ఒక సంతరోజు, మాదమ్మాళ్ అనే కొండ ముసలామె అంగడి ముందుకొచ్చి అరవడం మొదలుపెట్టింది. చింతపండు అమ్ముకోవడానికి సంతకు వచ్చిన మనిషి. చెల్లెలి మనవరాలి పావడా గుడ్డ ఎప్పుడో ఇచ్చి వెళ్లింది. కొండవాళ్ల మాట అరవమే. మొరప్పూరులో తెలుగు ఇంట్లోనే వినిపిస్తుంది, గడప దాటితే అంతా అరవమే కాబట్టి వేదవల్లికి ఇబ్బందేమీ లేదు. మనకు తెలిసేలా చెప్పాలంటే ముసలామె అన్నది ఇదీ.

"పోయిన సంతకు ఇస్తానంటివి. అంతకు ముందు సంతకూ ఇస్తానంటివి. నీ వాయిదాలకు నా మోకాళ్లు అరిగిపోయినాయి నాయనా. మీవాళ్లలో కొండెక్కి కుట్టేవాడు ఒక్కడూ లేడా?"

వెంకటరామన్ నవ్వాడు. "కొండమీద ఎవరుండారవ్వా, కుట్టేదానికి?"

"మేముండాం. మేం మనుషులం కాదా?"

ఆ వెంటనే తెర వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "నేనొస్తానవ్వా."

ఆ మాటకు అందరికన్నా ఎక్కువ ఉలిక్కిపడింది వేదవల్లే.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభస జరిగింది. "యాడికి పోతావు? ఆ కొండలో ఏముండాదని? ఒంటిగా ఆడపిల్లవు" అని అన్న ఎగిరాడు. వదిన ముక్కుమీద వేలేసుకుంది. తల్లి రంగమ్మ మాత్రం, "పోనీరా. నాయన చేతి మిషను ఊరికే పడుండాది. ఎత్తుకోని పోనీ. సరిపడకపోతే వస్తాది" అంది.

"వస్తే రానీమ్మా, నేను వాకిలి మూయను. కానీ ఒగటి చెప్తా విను వేదా. తిరిగొచ్చినాక కత్తెర మాట ఎత్తకూడదు. కాజాలు కుట్టుకుంటా ఉండాల. ఒప్పుకుంటే పో."

"ఒప్పుకుంటినన్నా" అంది వేదవల్లి. గెలిస్తే కత్తెర ఆమెది, ఓడితే జన్మంతా సూదే. ఇందులో బేరానికి తావు లేదు.

ఏ. పళ్లిపట్టి అనే ఊరి వరకు ఒక బస్సు, అక్కణ్ణుంచి కొండ అడుగుదాకా ఇంకో బస్సు. ఆపైన బస్సు లేదు, బండి లేదు, కాళ్లే. మాదమ్మాళ్ చెల్లెలి కొడుకు సిద్ధరాజ్ మిషన్ను తలమీద పెట్టుకుని ముందు నడిచాడు. ముసలామె అరిగిపోయాయన్న మోకాళ్లతోనే మేకపిల్లలా ఎక్కింది. వేదవల్లి మాత్రం ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుని, వెనక్కి చూసి, చూసినందుకు తనను తాను తిట్టుకుని మళ్లీ ఎక్కింది.

ఆ ఊరి పేరు పుంగమేడు. గడ్డి కప్పిన ఇళ్లు, పనస చెట్లు, ఏటవాలు చేలల్లో అప్పుడే మొలకెత్తుతున్న సామ. ఎండాకాలం పోయీపోగానే దుప్పటి కావలసినంత చలి. మాదమ్మాళ్ తన ఇంట్లోనే ఒక మూల ఇచ్చింది. అవ్వను ఆ కొండమీద ఆయా అంటారు. వేదవల్లి కూడా ఆయా అనడం నేర్చుకుంది. రాగిసంకటి కొత్త కాదు. చలి కొత్త. పొద్దున్నే లేస్తే ఎదుటి ఇల్లు కనిపించనంత మంచు కొత్త. ఒంటరిగా ఉన్నప్పుడు నోటికొచ్చిన తెలుగు మాటకు బదులు పలికేవాళ్లు లేకపోవడం అన్నిటికన్నా కొత్త. మిషను చప్పుడు వినడానికి ఊరంతా వచ్చింది. చూశారు, చక్రం తిప్పి చూశారు, మెచ్చుకున్నారు. గుడ్డ మాత్రం ఎవరూ తేలేదు. కొత్త మనిషి చేతిలో కొత్త గుడ్డ పెట్టడానికి వాళ్లకు చెయ్యాడలేదు.

వాళ్లు తేకపోతేనేం, తనే ఒకటి కుట్టి చూపిస్తే సరి అనుకుంది వేదవల్లి. మాదమ్మాళ్ రవిక తొడిగే అలవాటు లేని పాతకాలపు మనిషి. చలికి భుజాలు పట్టేశాయని రోజూ మూలుగుతుంది. తను తెచ్చుకున్న నీలం గుడ్డలో ఆమెకొక జాకెట్టు కుట్టి, చెప్పాపెట్టకుండా చేతిలో పెడితే ఎంత సంబరపడుతుందో! అలా అనుకుని ఒక మధ్యాహ్నం, ముసలామె అరుగు మీద పడుకుని ఉన్నప్పుడు, వేదవల్లి మెల్లగా పక్కన చేరి టేపు తీసింది. భుజం కొలిచింది. చెయ్యి కొలిచింది. వీపుమీద టేపు పరుస్తుండగా గుండెలు అవిసిపోయేంత కేక వినిపించింది.

ఆ కేక సిద్ధరాజ్ పెళ్లాం వళ్ళిది. ఎదురింటి నుంచి చూసి పరిగెత్తుకొచ్చింది. వెనకే ఆడవాళ్లంతా వచ్చారు. ఒకామె వేదవల్లి చేతిలోని టేపు చూసి కళ్లు మూసుకుంది. ఇంకొకామె ఏడుపు లంకించుకుంది. వేదవల్లికి ఏమీ అర్థం కాలేదు. ముసలామె లేచి కూర్చుని తల గోక్కుంటుంటే, వళ్ళే సంగతి చెప్పింది.

ఆ ఊళ్లో మనిషిని తాడుతో కొలిచేది చచ్చిపోయాకే. గొయ్యి తవ్వే ముందు నారతాడు తీసుకుని పీనుగును కొలుస్తారు. ఆ తాడును పీనుగుతోపాటే పూడుస్తారు. బతికున్న మనిషిని, అందులోనూ పడుకుని ఉన్న మనిషిని కొలవడమంటే గొయ్యికి పిలవడమే. మనిషిని కొలవడం మొరప్పూరులో ఏ దర్జీ అయినా మొదట చేసే పని. తండ్రి చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించి, ఊరందరికీ కాని మనిషైపోయింది పాపం వేదవల్లి.

మర్నాడు పొద్దున ఊరిపెద్ద వడివేలు గౌండర్ ఇంటి ముందు అందరూ చేరారు. ఆయన నిదానస్తుడు, మాట తూచి మాట్లాడే మనిషి. పిల్లను వెంటనే దించెయ్యమని కొందరన్నారు. అప్పుడు మాదమ్మాళ్ లేచింది.

"నేను నిద్రపోలేదు గౌండరయ్యా. మెలకువగానే ఉండాను. టేపు భుజంమీద పెట్టినప్పుడే ఇది తప్పని నాకు తెలుసు. అయినా నోరు మూసుకునే ఉంటిని."

"ఎందుకూరుకున్నావు?"

"మా ఆయన పోయినాక నా ఒంటిమీద ఎవురైనా ప్రేమగా చెయ్యేసింది అదే మొదలు. అందుకని ఊరుకుంటిని. దోషముంటే నాది. పోతే నేను పోతా. మీకెందుకు ఏడుపు?"

గౌండర్ చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. టేపును ఊరి పొలిమేరలో పూడ్చిపెట్టాలి. సామ కోతకొచ్చాక మొదటి కంకులు మారెమ్మకు ఇవ్వడానికి ఊరంతా గుడికి నడుస్తుంది. ఆ రోజు మాదమ్మాళ్ తన కాళ్లమీద గుడి ఎక్కితే కొలిచిన దోషం పోయినట్టే, పిల్ల ఊళ్లో ఉండొచ్చు. ఎక్కలేకపోతే పిల్ల మిషనుతో సహా దిగిపోవాలి.

టేపును వేదవల్లే తన చేతులతో పూడ్చింది. ఇంటికొచ్చి కూర్చుంది. ఇప్పుడు తన బతుకంతా ఒక ముసలామె మోకాళ్లమీద ఆధారపడి ఉంది.

ఆ రోజునుంచి ఆయాకు పట్టిందల్లా భోగమే. మాదమ్మాళ్ దగ్గితే వేదవల్లి మిరియాల కషాయం కాచేది. తుమ్మితే దుప్పటి కప్పేది. కట్టెలకు పోతానంటే అడ్డం పడి తనే పోయేది. ముసలామె ఏమన్నా తక్కువ తిన్నదా? "కాలు లాగుతోంది కణ్ణూ" అని ముద్దుగా అనేది. ఒత్తించుకున్నాక "ఇప్పుడు రెండోది కూడా లాగుతోంది" అనేది. వేడినీళ్లు అడిగి, తెస్తే చల్లారాయని మళ్లీ కాయించేది. ఒకనాడు కషాయం తాగుతూ తాగుతూ సూటిగా అడిగింది.

"నన్ను చూసుకుంటున్నావా, నీ మిషన్ను చూసుకుంటున్నావా?"

ముసలామె అడిగింది నిజమే. సిగ్గుతో వేదవల్లికి ఆ పూట అన్నం సయించలేదు.

ఇలా ఉండగా ఒకనాడు వళ్ళి గుడ్డ పట్టుకుని దొంగచాటుగా వచ్చింది. తమ్ముడి పెళ్లికి జాకెట్టు కావాలి. ఆశ ఉంది, భయమూ ఉంది. "తాడు లేకుండా కుట్టగలవా?" అంది.

తాడు లేకుండా ఎలా? వళ్ళి తొడిగేది సంతలో కొన్న వదులు జాకెట్టు, ఆదికి పనికిరాదు. చేతులకు నాన్న మాట అడ్డం పడింది. వేదవల్లి వళ్ళిని ఎగాదిగా చూసింది. తన ఒంటి కొలతలు తనకు కంఠతా వచ్చు. వళ్ళిని తనకు వీపు ఆనించి నిలబెట్టింది. భుజాలు సరిగ్గా కలిశాయి. చెయ్యికి చెయ్యి ఆనించి చూసింది. వళ్ళి చెయ్యి కాస్త పొట్టి. ఛాతీ దగ్గరకొచ్చేసరికి చిక్కుపడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి వేదవల్లి రెండు చేతులూ చాచి వళ్ళిని గట్టిగా కౌగిలించుకుంది. వళ్ళి వీపుమీద తన వేళ్లు ఎంతవరకు కలిశాయో చూసుకుంది. తరువాత అదే చేతులు గాలిలో అలాగే పట్టుకుని గుడ్డ దగ్గరకు పరిగెత్తింది. వళ్ళి కిందపడి నవ్వింది.

మొదటి జాకెట్టు అమోఘంగా వచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. చంకల్లో పట్టేసింది. విప్పి, లోపల వదిలిన గుడ్డ తీసి మళ్లీ కుడితే సరిపోయింది. వళ్ళి ఆ జాకెట్టు వేసుకుని పెళ్లికి వెళ్లి వచ్చింది. వచ్చాక ఊళ్లో ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు రావడం మొదలైంది. కొందరు కౌగిలి దగ్గర సిగ్గుపడేవాళ్లు. కొందరు కొలత పూర్తయినా వదిలేవాళ్లు కారు. గోవిందమ్మాళ్ అనే ఆమె అత్తతో పోట్లాడినప్పుడల్లా, గుడ్డ లేకపోయినా వచ్చి "ఒకసారి కొలత తీసుకో" అనేది. ఒళ్లు పెరిగింది తరిగింది, కడుపుతో ఉన్నది, జ్వరం పడి లేచింది, అన్నీ వేదవల్లి చేతులకే ముందు తెలిసేవి. తర్వాతి కాలంలో కింద అంగడిలో ఎంత చక్కగా కుట్టినా, కొండ ఆడవాళ్లకు అది నచ్చకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం. అన్నిటికన్నా పెద్ద సంగతి, కత్తెర ఆమె చేతిలో ఉంది. గుడ్డమీద మొదటి కోత పడే ఆ చప్పుడుకు ఆమెకు ఒళ్లు పులకరించేది.

ఇంతమంది వస్తున్నా గౌండర్ తీర్పు తీర్పే. సామ పండింది. కోతకు ఇంక ఎన్నో రోజులు లేవనగా ముసురు పట్టింది. ఆ ముసురులో మాదమ్మాళ్ నిజంగానే మంచం పట్టింది. ఈసారి కాలు లాగుతోందని అనలేదు, వేడినీళ్లు అడగలేదు. అదే వేదవల్లిని భయపెట్టింది. గంజి తాగించడానికి ముసలామెను ఎత్తి గుండెకు ఆనించుకున్నప్పుడు, చేతులు ఆ వీపుమీద మునుపటికన్నా చాలా ముందుకు వచ్చి కలిశాయి. ఆయా ఎంత చిక్కిపోయిందో వాటికి తెలిసింది. ఆ క్షణంలో వేదవల్లికి కోత రోజు కూడా గుర్తురాలేదు, మిషనూ గుర్తురాలేదు. ఈ మనిషి ఉండాలి, అంతే.

కోతకు ముందురోజు వెంకటరామన్ వచ్చాడు. చొక్కా తడిసి, రొప్పుతూ, చెల్లెల్ని చూడగానే కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. మంచివాడే పాపం. ఊళ్లోవాళ్లు చెప్పగా తీర్పు సంగతి కూడా విన్నాడు.

"దీపావళి గుడ్డలు కుప్పలు పడినాయి వేదా. నాకు చేతులాడలేదు. వచ్చేయ్. జాకెట్లన్నీ ఇంక నువ్వే కత్తిరించు. కత్తెర నీకే ఇస్తా. అమ్మమీద ఒట్టు."

వేదవల్లి ఏళ్లతరబడి కలలో విన్న మాట అది.

"ఈ పొద్దే రావాల" అన్నాడు అన్న. "నీయంతట నువ్వు దిగొస్తే గౌరవం. రేపు ఈళ్లు తరిమినాక వస్తే, ఊరంతా నవ్వుతాది. అప్పుడు నీ చేతికి కత్తెరిస్తే గిరాకీ రాదు. నేను ఇయ్యాలన్నా ఇయ్యలేను."

వాళ్ల తెలుగు తెలియకపోయినా సంగతి ఊహించి, లోపల్నించి మాదమ్మాళ్ నీరసంగా పలికింది. "పో కణ్ణూ. నేను రేపు లేవలేను. మర్యాదగా పో."

వేదవల్లి లోపలికి చూసింది. మళ్లీ అన్నను చూసింది. "ఆయాకు జొరమన్నా. దిగాల్సి వస్తే జొరం తగ్గినాక దిగుతా. కాజాలే కుడతాలే."

వెంకటరామన్ ఆ రాత్రి సిద్ధరాజ్ ఇంట్లో పడుకున్నాడు.

తెల్లారేసరికి ముసురు విడిచింది. తప్పెట మోగింది. వేదవల్లి నిద్రలేచి చూస్తే మాదమ్మాళ్ గోడ పట్టుకుని నిలబడి ఉంది, ఒంటిమీద నీలం జాకెట్టుతో. వళ్ళి జాకెట్టు తర్వాత కౌగిలి కొలతతోనే వేదవల్లి అది కుట్టి ఇచ్చినా, కోత రోజుకని ముసలామె ఇన్నాళ్లూ దాచిపెట్టుకుంది. ఇప్పుడది ఆమెకు వదులైపోయింది.

"ఆయా, వద్దు. పడిపోతావు."

"పడితే పడతా. జరుగు."

సామ కంకులు పట్టుకుని గౌండర్ ముందు నడిచాడు. ఊరంతా వెనక నడిచింది. గుడి దారి రాళ్లదారి, పైకి. మాదమ్మాళ్ కర్ర ఊతంతో ఒక్కో అడుగే వేసింది. తాకితే తీర్పు తప్పుతుందని వేదవల్లి వెనక దూరంగా నడిచింది. సగం దారిలో, పెద్ద బండ దగ్గర, ముసలామె ఆగిపోయింది. కాళ్లు గజగజ వణికాయి. తప్పెట ఆగింది. గౌండర్ వెనక్కి తిరిగి చూశాడు. కింద వెంకటరామన్ తల దించుకున్నాడు. వేదవల్లి చీరచెంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు వళ్ళి గుంపులోంచి విసవిసా నడిచి వచ్చి, ముసలామెను పక్కనుంచి గట్టిగా కౌగిలించుకుంది.

"ఏయ్ వళ్ళీ" అన్నాడు గౌండర్. "తన కాళ్లమీద రావాలని చెప్పినాను కదా. పట్టుకోకూడదు."

"పట్టుకోలేదు గౌండరయ్యా. కొలత తీసుకుంటుండాను. ఆయాకు ఇంకో జాకెట్టు కుట్టించాల."

గోవిందమ్మాళ్ రెండో పక్కకు వచ్చి చేరింది. "నేను కూడా కొలత తీసుకుంటుండా." ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక ఇంకొకామె. కొలుస్తూ కొలుస్తూ నాలుగడుగులు, మనిషి మారి ఇంకో నాలుగడుగులు. తీర్పు రోజున ఏడ్చిన ఆడవాళ్లే ఇప్పుడు వంతులకోసం తోసుకున్నారు. ముసలామె వాళ్ల మధ్య, తన కాళ్లు నేలమీదే ఉన్నాయని చూపిస్తూ, బింకంగా నడిచింది.

గౌండర్ అందరినీ తేరిపార చూశాడు. మీసం దువ్వుకున్నాడు. తర్వాత మొహం కొండవైపు తిప్పుకుని, "కొలతలు తొందరగా కానీయండి. పొద్దెక్కుతోంది" అన్నాడు. తప్పెట మళ్లీ మోగింది.

గుడి మెట్ల దగ్గర మాదమ్మాళ్ ఆగి వెనక్కి తిరిగింది. వేదవల్లి ఇంకా దూరంగానే నిలబడి, కళ్లు తుడుచుకుంటోంది.

"నువ్వెందుకు అంత దూరంలో ఉండావు? ఈ ఊరి దర్జీవి నువ్వు కదా. రా, నువ్వు తియ్యి కొలత."

వేదవల్లి పరుగున వచ్చి రెండు చేతులూ చాచింది. మిగిలిన మెట్లు ఇద్దరూ కలిసి ఎక్కారు.